మాడపాటి వారి ఆడపిల్లల బడి

ఈ పుటలో పునీతుల జీవితాలూ, దేశం కాని దేశం నుంచి వచ్చి మన మధ్య సేవ చేసిన మిషనరీల జీవితాలూ చదవడం మీకు అలవాటు. ఈ వారం మాత్రం మన శ్రీసభకు చెందని ఒక పెద్దమనిషిని గురించి చెప్పుకుందాం. ఆయన పేరు మాడపాటి హనుమంతరావు. హైదరాబాదులో నారాయణగూడ వైపు వెళ్ళివచ్చిన వారికి ఆయన పేరు పెట్టుకున్న బాలికోన్నత పాఠశాల సంగతి తెలిసే ఉంటుంది. 1928లో పుట్టిన బడి అది. సర్కారు పెట్టింది కాదు, మిషను వారు పెట్టిందీ కాదు. తెలుగు ఇళ్ళలోని ఆడపిల్లలు పొద్దున వచ్చి తెలుగులో చదువుకుని సాయంత్రానికి ఇల్లు చేరే బడి ఒకటి నగరంలో ఉండాలని కొందరు కోరుకున్నారు, ఆయన దాన్ని నిలబెట్టారు.

మన విచారణల్లో ఆడపిల్లను ఏడో తరగతితో మాన్పించాలా, పదో తరగతి దాకా పోనివ్వాలా, పంపితే తెలుగు బడికా ఇంగ్లీషు బడికా అని తర్జనభర్జన పడని ఇల్లు ఉందా? మీ ఇంట్లోనూ ఆ మాట వచ్చే ఉంటుంది. ఆ మాట మనతో మొదలైంది కాదు. అప్పటి మన నల్లగొండ జిల్లా సూర్యాపేటలో పెరిగిన ఒక పిల్లవాడు పెద్దవాడై దానికి ఏ జవాబు చెప్పాడో, ఆ జవాబుకు ఎంత ఖరీదు చెల్లించవలసి వచ్చిందో తెలుసుకోవడం మనకు అవసరమే.

హనుమంతరావు గారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో తల్లి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని సూర్యాపేటకు, పుట్టింటి వారి అండకు చేరింది. తండ్రి లేని పిల్లలు మేనమామల నీడన పెరగడం మన పల్లెల్లో కొత్త కాదు. అయితే పొక్కునూరు నుంచి సూర్యాపేటకు రావడమంటే ఆ రోజుల్లో బండి మీద ఊరు మారడం మాత్రమే కాదు, రాజ్యం మారడం. అటు ఇంగ్లీషు వారి ఏలుబడి, ఇటు నిజాం ఏలుబడి. అటు బడిలో తెలుగు వినిపించేది. ఇటు 1884లో ఫార్సీని తీసివేసి ఉర్దూను సర్కారు భాషగా చేశారు. కచేరీకి పోయినా, పోలీసు ఠాణాకు పోయినా, బడికి పోయినా ఉర్దూయే.

అందుచేత ఆ పిల్లవాడు సూర్యాపేటలో ఉర్దూ, ఫార్సీ చదివాడు. బాగానే చదివాడు. తరువాత హనుమకొండలో మెట్రిక్యులేషను పూర్తిచేశాడు. విద్యాశాఖలో చిన్న ఉద్యోగం దొరికింది. ఉర్దూ ఎంత పట్టుబడిందంటే, కొంతకాలానికి హైదరాబాదులో ఒక ఉర్దూ దినపత్రికలో సంపాదక వర్గంలో పనిచేయగలిగారు, ప్రేమ్‌చంద్ కథను తెలుగులోకి తెచ్చారు. ఆయన కథల పుస్తకం పేరు మల్లికాగుచ్ఛము. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తెలుగు కోసం ఆయన పడిన పాటు ఉర్దూ రాని వాడి అక్కసు కాదు. ఉర్దూ మీద ఆయనకు ప్రేమే ఉంది. ఆ భాషతో బతుకు సాగింది కూడా. తనకు వచ్చినది ఊళ్ళో ఆడపిల్లకు రాదని, రావలసిన అవసరమూ లేదని ఆయనకు తెలుసు. అదీ సంగతి.

హనుమకొండలో ఉన్నప్పుడే గ్రంథాలయాల పని అంటుకుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఏర్పడ్డాయి. ఆ కాలంలో గ్రంథాలయమంటే నాలుగు బీరువాల పుస్తకాలు, రెండు బల్లలు, ఒక దీపం. ఆయన రెండు చోట్లా కలిసిపనిచేశారు. నగరానికి వచ్చాక సర్కారు కచేరీలో అనువాదం పని చేశారు. వకాలతు పరీక్ష ప్యాసై ఆ నౌకరీ వదిలేసి వకీలుగా నిలబడ్డారు.

ఇక 1921 నవంబరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాదులో వివేకవర్ధని పాఠశాల ఆవరణలో సంఘ సంస్కార సభ జరిగింది. వివేకవర్ధని మరాఠీ వారు 1907లో పెట్టుకున్న బడి. సభకు పూనా నుంచి ధోండో కేశవ కర్వే గారిని అధ్యక్షులుగా పిలిపించారు. ఉర్దూలో మాట్లాడినవారిని విన్నారు, మరాఠీలో మాట్లాడినవారిని విన్నారు, ఇంగ్లీషువారినీ విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే తెలుగు వకీలు లేచి తన తీర్మానం గురించి తెలుగులో మొదలుపెట్టేసరికి సభలో గోల లేచింది. చప్పట్లు, ఈలలు, ఎగతాళి. ఆయన మాట సాగలేదు. సంఘాన్ని సంస్కరించడానికి కూడిన చదువుకున్నవారి సభ అది! ఆ ఊళ్ళో ఎంతోమంది ఇంట్లో మాట్లాడుకునే భాషకు ఆ సభలో జరిగిన మర్యాద అది.

తెలుగువారు లేచి బయటికి వచ్చేశారు. ఆ రాత్రి టేకుమాల రంగారావు గారి ఇంట్లో పదకొండు మంది కూర్చుని ఆంధ్ర జన సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. అందులో హనుమంతరావు గారు ఒకరు. అప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లా పడకల్ గ్రామానికి చెందిన బూర్గుల రామకృష్ణారావు గారు కూడా ఆ సంఘంలో మొదటినుంచీ ఉన్నారు. సంఘానికి కార్యదర్శిగా ఏళ్ళ తరబడి చాకిరీ చేసింది హనుమంతరావు గారే. ఉత్తరాలు రాయడం, ఊళ్ళు తిరగడం, శాసనాలూ తాళపత్రాలూ సేకరింపించడం, చిన్న పుస్తకాలు అచ్చువేయించి పంచడం. వెట్టిచాకిరి మీద ఒక పుస్తకం వేశారు. సర్కారు ఉద్యోగి ఊరికి వస్తే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల ఎవరెవరు ఏమేమి ఉచితంగా చేయవలసి వచ్చేదో, దాన్ని తగ్గిస్తూ సర్కారు వారు ఇదివరకే ఇచ్చిన ఉత్తరువులు ఏమిటో జనానికి తెలియజెప్పడం ఆ పుస్తకం పని. మీ తాతముత్తాతలు వెట్టి చేసిన వారైతే ఆ పుస్తకం విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు. వర్తకుల మీద ఊరూరా సాగే అక్రమ వసూళ్ళ గురించి ఇంకొకటి వేశారు.

సరే, కర్వే గారి దగ్గరికి ఒకసారి వెళదాం. ఈ కథలో ఆయన మళ్ళీ వస్తారు. కొంకణ ప్రాంతపు పేద బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పూనాలో లెక్కల మాస్టారుగా పనిచేస్తూ, భార్య పోయిన తరువాత 1893లో ఒక వితంతువును పెళ్ళాడారు. ఊరివారు వెలివేశారు. 1896లో వితంతువులకు ఆశ్రమం పెట్టి దానికోసం ఇల్లిల్లూ తిరిగి చందాలు అడిగారు. 1916లో, జపానులో స్త్రీలకు విశ్వవిద్యాలయం ఉందని చదివి, మన దేశంలోనూ అలాంటిది ఒకటి మొదలుపెట్టారు. దాని నియమం ఏమిటంటే చదువు మాతృభాషలో, ఇంగ్లీషు ఒక పాఠంగా. 1920లో బొంబాయి వర్తకుడు ఠాకర్సీ తన తల్లి పేరిట 15 లక్షల రూపాయలు ఇవ్వడంతో అది నిలదొక్కుకుంది. కర్వే గారు నూరేళ్ళు దాటి బతికారు. 1958లో భారతరత్న అందుకుని, 1962లో కన్నుమూశారు. నగరంలో ఏ సభలో తెలుగు మాటను ఎగతాళి చేశారో ఆ సభకు అధ్యక్షులు ఆయనే అని గుర్తుంచుకోండి. తప్పు ఆయనది కాదు, సభికులది.

ఇప్పుడు ఆడపిల్లల చదువు. ఆ రోజుల్లో హైదరాబాదు నగరంలో మంచి బడులు లేవని కాదు. ఆంగ్లికను వారి సెయింట్ జార్జెస్ 1834 నుంచి ఉంది. మన కతోలికుల ఆల్ సెయింట్స్ పాఠశాల 1855 నుంచి ఉంది. మిలాను నుంచి మన గురువులు హైదరాబాదుకు వచ్చిన సంవత్సరం కూడా అదే. సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్ మఠకన్యలు 1871 నుంచి పిల్లలకు చదువు చెబుతున్నారు. ఇవన్నీ మనం గర్వించదగినవే. కాని మొదట ఇవి దండులోని సైనికుల పిల్లలకూ, ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలకూ ఏర్పడిన బడులు. పాఠం ఇంగ్లీషులో. ఇక సర్కారు బడులలో ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక పై చదువు కూడా ఉర్దూలోనే. దేశభాషలో విశ్వవిద్యాలయ చదువు చెప్పడం గొప్ప ప్రయత్నమే, అందులో సందేహం లేదు. అయితే రాజ్యంలో ఎక్కువమంది ఇంటిభాష అది కాదు గదా! పల్లె నుంచి వచ్చి నగరంలో కాపురముంటున్న తెలుగువాడు కూతురిని ఇటు పంపలేక, అటు పంపలేక ఇంట్లో కూర్చోబెట్టుకునేవాడు. కూర్చోబెట్టడానికి అతనికి ఒక సాకు కూడా దొరికింది.

ఆ సాకును తీసివేయడమే హనుమంతరావు గారు తలపెట్టిన పని. 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల మొదలైంది. చెప్పినంత సులువుగా కాలేదు. అప్పట్లో ఎవరైనా సొంతంగా బడి తెరవాలంటే సర్కారు వారి ముందస్తు అనుమతి కావాలి. తెలుగు, మరాఠీ, కన్నడం పేర్లతో ఎక్కడ బడి పుట్టినా దాని వెనక ఏదో రాజకీయం ఉందని అనుమానించే కాలం. సభ పెట్టుకోవాలన్నా దరఖాస్తు పెట్టి కాచుకుని కూర్చోవాలి.

ఇక్కడ మహబూబ్‌నగర్ జిల్లా వారు సంతోషించదగిన మాట ఒకటి ఉంది. బడికి కొండంత అండగా నిలిచిన వారిలో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు ముఖ్యులు. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో 1869లో పుట్టారు. పోలీసు శాఖలో అమీనుగా చేరి ఒక్కొక్క మెట్టే ఎక్కి 1920 నుంచి 1934 దాకా హైదరాబాదు నగర కొత్వాలుగా, అంటే నగర పోలీసుకు పెద్దగా ఉన్నారు. నిజాముకు నమ్మిన ఉద్యోగి. 1918లో రెడ్డి హాస్టలు పెట్టించి పల్లె పిల్లలకు నగరంలో చదువుకునే నీడ కల్పించారు. 1933లో బాలికలకూ హాస్టలు ఏర్పడింది. ఎవరి పేరు చెబితే ఉద్యమకారుడని సర్కారు కనిపెట్టి చూస్తున్నదో ఆ వకీలు పెట్టిన బడికి, కనిపెట్టి చూడవలసిన కొత్వాలే అండ! ఆ కాలంలో మనుషులు అలా కూడా ఉండేవారు. అమ్మాయిల చదువు దగ్గరికి వచ్చేసరికి ఉద్యోగ ధర్మమూ ఊరి ధర్మమూ ఒకదానికొకటి అడ్డుపడకుండా చూసుకున్నారు.

బడి మొదలయ్యాక అసలు కష్టం తెలిసింది. తెలుగులో పాఠం చెప్పగల పంతులమ్మలు నగరంలో ఎక్కడి నుంచి వస్తారు? చదువుకున్న ఆడవారు ఉంటే గదా పంతులమ్మలు ఉండడం. దూరం నుంచి వచ్చే పిల్లలకు బండి కావాలి, బండికి తెర కావాలి. పెళ్ళీడు వచ్చిందంటే పిల్ల మరునాటి నుంచి కనబడదు. బాల్య వివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో బ్రిటిషు ఇండియాకు వచ్చింది గాని నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. పై తరగతులకు పోయేకొద్దీ పిల్లలు పలచబడిపోవడం ఆనాటి ఆడపిల్లల బడులన్నిటికీ ఉన్న జబ్బే. మన పల్లె బడుల్లో పనిచేసిన సిస్టర్లను అడగండి, ఆ జబ్బు ఎలా ఉంటుందో వారు చెబుతారు.

వీటన్నిటికీ మించిన చిక్కు ఇంకొకటి ఉంది. ఈ బడి కథకు అదే గుండెకాయ. పిల్ల పది తరగతులు చదివిందనుకోండి. పరీక్ష ఎవరు పెడతారు? పట్టా ఎవరు ఇస్తారు? తెలుగులో రాసిన పరీక్షకు ఉస్మానియా గుర్తింపు లేదు. గుర్తింపు కావాలంటే పాఠం ఉర్దూలోకి మార్చాలి. లేదా ఇంగ్లీషు దారి పట్టాలి. మారిస్తే గ్రాంటు వస్తుంది, పట్టా వస్తుంది, పేరు వస్తుంది. బడి పెట్టిన కారణం మాత్రం పోతుంది. ఆ స్థానంలో మీరు ఉంటే ఏం చేసేవారు? తొందరపడి చెప్పకండి. కూతురి చేతికి చెల్లని కాగితం ఇప్పించడానికి ఏ తండ్రి ఒప్పుకుంటాడు?

హనుమంతరావు గారు రెండూ వదులుకోలేదు. ఆయన చూపు పూనా వైపు మళ్ళింది. మాతృభాషలో స్త్రీలకు చదువు చెప్పాలనే నియమం మీద నడిచే విశ్వవిద్యాలయం అక్కడ ఉంది గదా. నారాయణగూడ బడిని కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. హైదరాబాదు నడిబొడ్డున కూర్చుని తెలుగు ఆడపిల్లలు తెలుగులో పూనా పరీక్ష రాశారు! కొన్నేళ్ళ కిందట ఏ సభలో తెలుగు మాట నోట్లోనే ఆగిపోయిందో ఆ సభాధ్యక్షుని విశ్వవిద్యాలయమే తెలుగు పిల్లల జవాబు పత్రాలకు చోటిచ్చింది. ఇందులో దేవుని లీల ఉందని నేనంటే మీలో కొందరు నవ్వవచ్చు. నవ్వండి. నాకు మాత్రం ఉందనే అనిపిస్తుంది.

అయితే ఆ పట్టాకు ఉన్న లోటు కూడా దాచకుండా చెప్పాలి. కర్వే విశ్వవిద్యాలయం సర్కారు చట్టంతో పుట్టింది కాదు. స్వాతంత్ర్యం వచ్చాక గాని దానికి చట్టబద్ధమైన గుర్తింపు రాలేదు. దాని పట్టాతో నిజాం సర్కారు ఉద్యోగం అడగడం కష్టం. అది తెలిసి కూడా తల్లిదండ్రులు పిల్లలను పంపారు. వారిని నడిపించింది ఉద్యోగం ఆశ కాదు. అమ్మాయి ఉత్తరం తానే రాసుకోవాలి, పుస్తకం తానే చదువుకోవాలి, లెక్క తానే చూసుకోవాలి అన్న కోరిక. ఇంత చిన్న కోరిక కోసం ఇంత పెద్ద పంతం ఎందుకని ఆనాడు అడిగినవారూ లేకపోలేదు. నా దృష్టిలో హనుమంతరావు గారి జీవితంలో అన్నిటికన్నా సాహసం ఇదే.

ఎందుకంటే స్వభావానికి ఆయన సాహసి కాడు. మితవాది. దరఖాస్తు, తీర్మానం, రాయబారం, మళ్ళీ దరఖాస్తు. ఇదే ఆయన పద్ధతి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు, మన పాలమూరు వారే. దానితోపాటే మహిళా సభ కూడా నడిచింది. మరుసటి ఏడు మన దేవరకొండలో సభ జరిగినప్పుడు బూర్గుల వారు అధ్యక్షులు. 1935లో సిరిసిల్ల సభకు హనుమంతరావు గారు అధ్యక్షులయ్యారు. 1936లో షాద్‌నగర్‌లో, 1941లో చిలుకూరులో జరిగాయి. ఆయన సతీమణి మాణిక్యమ్మ గారు కూడా మహిళా ఉద్యమంలో పాల్గొన్నారు. రానురాను యువకులకు ఈ దరఖాస్తుల మీద విసుగు పుట్టింది. చిలుకూరు నాటికి రావి నారాయణరెడ్డి గారి తరం ముందుకు వచ్చింది. 1944లో భువనగిరి సభ దగ్గర మితవాదులు విడిపోయారు. ఆ తరువాత నల్లగొండ పల్లెల్లో ఏమి జరిగిందో, ఎన్ని ఇళ్ళు రక్తం చూశాయో మీ ఇంటి పెద్దలు మీకు చెప్పే ఉంటారు.

మితవాదులను ఆనాటి కుర్రవాళ్ళు ఎద్దేవా చేశారు. దొరల దగ్గర వెట్టి చేస్తున్న కుటుంబానికి దరఖాస్తు చాలదన్న మాట నిజమే, కాదనలేం. ఇంకొక నిజం కూడా ఉంది. నారాయణగూడ బడి నగరంలోని మధ్యతరగతి తెలుగు ఇళ్ళ అవసరం నుంచి పుట్టింది. మాల మాదిగ వాడల పిల్లల కోసం అదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ గారు 1910 నుంచి బడులు పెట్టుకుంటూ వచ్చారు. ఆ కథ వేరే వారం చెప్పుకోదగినంత పెద్దది. మన పల్లెల్లో పేదపిల్లలకు మొదటి అక్షరం చెప్పింది చాలాచోట్ల గుడి వసారాలో కూర్చున్న మన ఉపదేశే. జ్ఞానోపదేశంతో పాటే ఓనమాలు. ఆయన చెప్పిందీ తెలుగులోనే. ఆ ఉపదేశికి నారాయణగూడ సంగతి తెలియదు, నారాయణగూడ వారికి ఆయన సంగతి తెలియదు. చేసిన పని మాత్రం ఒక్కటే.

తల్లిభాష విషయంలో మన శ్రీసభకూ ఒక చరిత్ర ఉంది. పూజ లాటిను భాషలో జరిగిన రోజులు మన పెద్దలకు గుర్తే. మోకరించి జపమాల చెప్పుకుంటూ పీఠం దగ్గర ఏం జరుగుతున్నదో ఊహించుకునేవారు. 1963లో వాటికన్ మహాసభ ఆరాధన గురించిన పత్రం వెలువరించిన తరువాత తెలుగు పీఠం మీదికి వచ్చింది. ఇవాళ ఆదివారం పూజలో మొదటి పఠనం చదవడానికి మీ విచారణలో ఎవరు లేస్తున్నారు? ఎక్కువచోట్ల ఆడపిల్లే. తడబడకుండా, అచ్చమైన తెలుగులో చదువుతుంది. దాని వెనక ఏదో ఒక బడి ఉంది, బడికి పంపిన ఒక తల్లి ఉంది.

1976లో నల్లగొండ మేత్రాసనం ఏర్పడిన నాటి నుంచి మన గురువులూ మఠకన్యలూ ఎన్నో చోట్ల బడులు నడుపుతున్నారు. అయినా 2011 జనాభా లెక్కలు చూడండి. మహబూబ్‌నగర్ జిల్లాలో చదవడం రాయడం వచ్చిన ఆడవారు నూటికి నలభై అయిదుగురైనా లేరు. నల్లగొండలో సగం కన్నా కొంచెం ఎక్కువ. నారాయణగూడ బడి పుట్టిన ఎనభై మూడేళ్ళ తరువాతి లెక్క ఇది! పత్తి ఏరే రోజుల్లో మన పల్లె బడికి వెళ్ళి హాజరు పట్టీ చూడండి, ఖాళీగా ఉన్న గళ్ళు ఎక్కువగా ఎవరి పేర్ల ముందు ఉంటాయో. మగపిల్లవాణ్ణి అప్పుచేసి కాన్వెంటుకు పంపి, అదే ఇంట్లో ఆడపిల్లను చేనికి పంపే కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి.

భాష సంగతి కూడా తేలలేదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి పాఠం చేస్తూ చట్టం తెచ్చింది. 2022 విద్యా సంవత్సరం నుంచి సర్కారు బడుల్లోనే ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడం తప్పని నేను అనను. పేదవాడి పిల్లకు ఆ తలుపు మూసే హక్కు ఎవరికీ లేదు. మన మిషను బడుల ముందు జూన్ నెలలో నిలబడే వరుస ఎందుకో నాకూ తెలుసు. కాని ఇంగ్లీషు పుస్తకం కంఠస్థం చేసి, ఇంట్లో నాయనమ్మకు వచ్చిన ఉత్తరం చదవలేని పిల్లలను కూడా చూస్తున్నాం. కర్వే గారి నియమంలో ఇంగ్లీషును తోసిపుచ్చలేదు, ఒక పాఠంగా తప్పనిసరి చేశారు. నారాయణగూడలోనూ అదే దారి. మన యాజమాన్యాలు ఈ లెక్కను ఒకసారి తీసి చూస్తే మంచిదని నా అభిప్రాయం.

హనుమంతరావు గారి మిగతా జీవితం త్వరగా చెప్పవచ్చు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. తెలుగులో చదువు చెప్పడానికి ఎవరినీ బతిమాలుకోవలసిన పని లేకుండా పోయింది. ఆ రోజుల్లోనే ఆయన తెలంగాణా ఆంధ్రోద్యమము అని రెండు సంపుటాలు రాశారు. అందులో తన గొప్ప కన్నా తోటివారి పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. 1951లో హైదరాబాదు నగరానికి మేయరు అయ్యారు. 1921లో ఏ నగరంలో తన భాష నవ్వులపాలైందో ఆ నగరానికే ప్రథమ పౌరుడు. 1955లో పద్మభూషణ్ వచ్చింది. 1958 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులుగా ఉన్నారు. జనం ఆయనను ఆంధ్ర పితామహుడన్నారు. రాజా బహద్దూర్ గారు అప్పటికే, 1953లో, కాలం చేశారు.

1970 నవంబరు 11న, ఎనభై అయిదేళ్ళ వయసులో, హనుమంతరావు గారు కన్నుమూశారు. ఆయన పెరిగిన సూర్యాపేట 2016లో జిల్లా కేంద్రమైంది. రాయణిపేట ఉన్న వనపర్తి కూడా అదే ఏడు జిల్లా కేంద్రమైంది. నారాయణగూడ బడికి ఆయన పేరే పెట్టారు. ఆ దారిన వెళ్ళినప్పుడు, మీ వెంట మీ అమ్మాయి ఉంటే, ఆ పేరు తానే చదివేదాకా కాసేపు ఆగండి.